ఒక లేసరు – వెయ్యి వర్ణములు

దూరదేశమున నున్న బంధువుతో మనము ఫోనులో మాట్లాడునపుడు ఆ మాట ఆకాశమార్గమున, ఉపగ్రహముల మీదుగా పోవుచున్నదని పలువురు తలంతురు. వాస్తవము వేరు. జిద్దా నుండి గాని, దుబాయి నుండి గాని, చికాగో నుండి గాని మన ఊరికి వచ్చు మాటలోను, చిత్రములోను అత్యధిక భాగము సముద్రగర్భమున పరచిన గాజు పోగులలో కాంతి రూపమున ప్రయాణించి వచ్చునదే. వెంట్రుక వంటి సన్నని ఆ గాజు పోగునకు దృశా తంతువు అని పేరు. వాడుకలో ఆప్టికల్ ఫైబర్ అందురు. ఒక్క తంతువులో ఒకే సమయమున లక్షలాది సంభాషణలు ఇముడుటకు కారణము, అందులో ఒక్క వర్ణపు కాంతి కాక పదుల కొలది వర్ణముల కాంతి కలిసి పోవుచుండుట. అట్లయిన ఇన్ని వర్ణములకు ఇన్ని లేసర్లు కావలెనా, లేక ఒక్క లేసరు చాలునా? భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలియదగిన ఈ ప్రశ్ననే ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ముందుగా తంతువును గూర్చి నాలుగు మాటలు. కాంతి గాజు పోగులో నుండి వెలుపలికి పోక లోపలనే నిలుచుటకు కారణము ఇంటర్మీడియట్ తరగతులలో మనము చదివిన సంపూర్ణాంతర పరావర్తనమే. దానికి మూలమైన వక్రీభవన సూత్రమునకు స్నెల్ పేరు స్థిరపడినది కాని, అతనికి ఆరు శతాబ్దములకు పూర్వమే, 984 ప్రాంతమున, బాగ్దాదులో ఇబ్న్ సహ్ల్ అను గణితవేత్త ఆ సూత్రమును రేఖాగణిత రూపమున వ్రాసియుంచెనని చరిత్రకారులు గుర్తించియున్నారు. ఆధునిక కాలమున పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ లండన్‌లో హాప్కిన్స్‌తో కలిసి 1954లో గాజు పోగుల కట్ట గుండా ప్రతిబింబమును పంపి చూపెను. ఐనను ఆనాటి గాజులో కాంతి కొద్ది మీటర్లలోనే క్షీణించుచుండెను. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అను శాస్త్రజ్ఞులు, గాజులోని మాలిన్యములను తొలగించినచో ఒక కిలోమీటరు తరువాత నూటికి ఒక వంతు కాంతియైన మిగులుననియు, అంతమాత్రము మిగిలినను వార్తాప్రసారమునకు చాలుననియు ప్రతిపాదించిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు ఆ హద్దును దాటిరి. నేటి తంతువులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము వద్ద కాంతి సగమగుటకు సుమారు 15 కిలోమీటర్లు పోవలెను. కావ్ మహాశయునకు 2009లో నోబెల్ బహుమతి లభించినది.

1987లో ఇంకొక మేలు జరిగినది. ఎర్బియమ్ అను మూలకమును స్వల్పముగా కలిపిన తంతువు, క్షీణించిన కాంతిని విద్యుత్తుగా మార్చనక్కరలేకయే తిరిగి వర్ధనము చేయగలదని ఇంగ్లండులోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయమునందును, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందును నిరూపితమైనది. ఈ వర్ధకము 1530 నుండి 1565 నానోమీటర్ల వరకు గల వర్ణములన్నిటిని ఒక్కసారిగా పెంచును. మనము వర్ణములనుచున్నాము గాని ఇది పరారుణ కాంతి, కంటికి కనబడదు. పౌనఃపున్యములో చెప్పినచో ఈ పట్టీ వెడల్పు సుమారు 4.4 టెరాహెర్ట్జ్‌లు, అనగా 4.4 లక్షల కోట్ల హెర్ట్జ్‌లు. ఇంత వేగముతో వెలిగించి ఆర్పగల ఎలక్ట్రానిక్ పరికరము లేదు. కావున ఈ విశాలమైన బాటను సన్నని వరుసలుగా విభజించి, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క వర్ణమును కేటాయించి, అన్నిటిని ఒకే తంతువులో పంపుదురు. వరుసల మధ్య ఎడము 50 గిగాహెర్ట్జ్‌లైనచో ఎనుబదికి పైగా వరుసలు పట్టును.

చిక్కు ఇక్కడనే కలదు. ఎనుబది వర్ణములకు ఎనుబది అర్ధవాహక లేసర్లు వాడుట రివాజు. ఈ జాతి లేసరు ఉష్ణోగ్రతకు మిక్కిలి లోబడునట్టిది. ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగినచో దాని తరంగదైర్ఘ్యము సుమారు 0.1 నానోమీటరు, అనగా పన్నెండు గిగాహెర్ట్జ్‌లకు పైగా జరుగును. నాలుగు డిగ్రీలు వేడెక్కిన లేసరు పొరుగువాని వరుసలో ప్రవేశించును. ఇట్లు జరుగకుండ ప్రతి లేసరుకు ఒక శీతలీకరణ యంత్రము, ఒక కొలమానము, ఒక నియంత్రణ వలయము అమర్చవలసియుండును. ఇంత చేసినను ప్రతి లేసరు తన ఇష్టము వచ్చినట్లు కొంచెము అటునిటు కదలుచునే యుండును గనుక, వరుసకు వరుసకు మధ్య పొలము గట్టు వలె కొంత స్థలము వ్యర్థముగా విడువక తప్పదు.

ఇపుడు అతివేగ లేసరును గూర్చి చెప్పుదుము. మన కళాశాల ప్రయోగశాలలలో వాడు హీలియం-నియాన్ లేసరునే ఉదాహరణగా గైకొందము. దాని రెండు దర్పణముల మధ్య దూరము 30 సెంటీమీటర్లు అనుకొన్నచో, వాటి మధ్య స్థిర తరంగములుగా నిలువగల పౌనఃపున్యములు 500 మెగాహెర్ట్జ్‌ల ఎడముతో మెట్ల వలె వరుసగా నుండును. ఒక్కొక్క మెట్టును మోడ్ అందురు, కంపన రీతి యనవచ్చును. నియాన్ వాయువు వర్ధనము చేయగల పట్టీ 1500 మెగాహెర్ట్జ్‌ల వెడల్పే గనుక రెండు మూడు మెట్లు మాత్రమే వెలుగును. అనగా ఒకే వర్ణము అని మనము నమ్ముచు వచ్చిన ఆ ఎర్రని కిరణములో వాస్తవముగా రెండు మూడు వర్ణములున్నవి. వర్ధన పట్టీ విశాలమైన పదార్థమును వాడినచో ఇట్టి మెట్లు వేలు, లక్షలు వెలుగును. అయితే సాధారణముగా అవి ఒకదానితో నొకటి పొందిక లేక కంపించును.

పొందిక కలిగినచో ఏమగునో తెలియుటకు క్రీడామైదానమును తలంచుకొందము. వలయాకారపు బాటలో నూరుగురు విద్యార్థులు ఒకే గీత వద్ద ఒకేసారి బయలుదేరిరి. మొదటివాడు గంటకు 10 చుట్లు, రెండవవాడు 11, మూడవవాడు 12, ఈ విధముగా సమాన భేదముతో పరుగెత్తుచున్నారు. కొద్దిసేపటికే వారు బాటయంతట చెదరిపోవుదురు. చూచువారికి ఏ క్రమమును గోచరింపదు. కాని సరిగా ఒక గంట గడచునప్పటికి నూరుగురును ఆ గీత వద్దనే ఒక్క క్షణము కలిసికొని మరల చెదరుదురు. ప్రతి గంటకు ఇదే జరుగును. ఇందులో గమనింపవలసిన విషయములు మూడు. పరుగెత్తువారు ఇద్దరే యైనచో ఆ కలయిక చాలసేపు నిలుచును. నూరుగురైనచో అది క్షణికము. వేయిమందియైనచో మరింత క్షణికము. రెండవది, కలయికకు కలయికకు మధ్య కాలమును నిర్ణయించునది వారి వేగముల మధ్య గల సమాన భేదమే. మూడవది, వారు తమకు తోచినపుడు బయలుదేరినచో అందరును కలియు క్షణము ఎన్నటికిని రాదు.

లేసరులోని మోడ్‌లను ఒకే గీత వద్ద నుండి బయలుదేరదీయుటయే మోడ్ లాకింగ్. 1964లో బెల్ ప్రయోగశాలలలో హార్‌గ్రోవ్, ఫోర్క్, పోలాక్ అనువారు దీనిని హీలియం-నియాన్ లేసరుతోనే సాధించిరి. మోడ్‌లన్నియు కలిసికొను క్షణమున ప్రకాశవంతమైన ఒక కాంతి తునక వెలువడును. దీనిని స్పందము అందుము; పల్స్ అన్న మాట అందరికి పరిచితమే. మిగిలిన కాలమంతయు దాదాపు చీకటి. 1974 నాటికి బెల్ ప్రయోగశాలలలోనే షాంక్, ఇప్పెన్ అనువారు రంజక ద్రవ లేసరుతో పికోసెకను కంటె, అనగా సెకనులో లక్ష కోట్లవ వంతు కంటె, పొట్టి స్పందములను పుట్టించిరి. నేడు నూరు ఫెమ్టోసెకనుల స్పందము విశ్వవిద్యాలయ ప్రయోగశాలలలో సామాన్య విషయము. ఫెమ్టోసెకను అనగా సెకనులో పది కోట్ల కోట్లవ వంతు. అట్టి నూరింటిలో కాంతి పోవు దూరము 30 మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందము అంతకంటె ఎక్కువ.

ఇక మన ప్రశ్నకు వత్తము. స్పందము ఎంత పొట్టిదో అందులోని వర్ణముల విస్తృతి అంత వెడల్పు. నూరు ఫెమ్టోసెకనుల స్పందమునకు, దాని ఆకృతి గాస్ వక్రమువలె నున్నచో, విస్తృతి 4.4 టెరాహెర్ట్జ్‌లు. ఎర్బియమ్ వర్ధకము పెంచగల పట్టీ వెడల్పు సరిగా ఇంతేయని పైన వ్రాసితిమి! అనగా ఒక్క పొట్టి స్పందమున సముద్రగర్భ తంతువునకు కావలసిన వర్ణములన్నియు ముందే అమరియున్నవి. అంతేకాక అట్టి స్పందములు సమాన కాలవ్యవధితో వరుసగా వచ్చునపుడు ఆ విస్తృతి అవిచ్ఛిన్నముగా నుండక, దువ్వెన పళ్ళ వలె సమాన దూరమున నిలిచిన సన్నని గీతలుగా విడివడును. పంటికి పంటికి గల ఎడము సెకనుకు వెలువడు స్పందముల సంఖ్యకు సమానము. ఈ దువ్వెన పౌనఃపున్యములను అత్యంత సూక్ష్మముగా కొలుచుటకు ఉపకరించినందులకు జాన్ హాల్, థియోడోర్ హెన్ష్ అనువారు 2005లో నోబెల్ బహుమతిని పంచుకొనిరి. దానినే వార్తాప్రసారమునకు వాడినచో ప్రతి పన్నును ఒక వరుస అగును.

చెప్పుట సులభము. రెండు మీటర్ల తంతువును వలయముగా చేసి లేసరును నిర్మించినచో స్పందములు సెకనుకు సుమారు పది కోట్లు వెలువడును. పళ్ళ ఎడము 100 మెగాహెర్ట్జ్‌లే. ఇంత దగ్గరి పళ్ళను ఒక్కొక్కటిగా వేరుచేయుట దుస్సాధ్యము. మనకు కావలసిన ఎడము 10 నుండి 100 గిగాహెర్ట్జ్‌లు. 10 గిగాహెర్ట్జ్‌లకు దర్పణముల మధ్య దూరము 15 మిల్లీమీటర్లకు కుదింపవలెను. 100 గిగాహెర్ట్జ్‌లకు అందులో పదవ వంతు. అంత చిన్న లేసరులో పొట్టి స్పందములను, చాలినంత శక్తిని ఒకేసారి రాబట్టుట మిక్కిలి కష్టము. ఈ చిక్కును దాటుటకు జరిగిన ప్రయత్నములే ఈ రంగపు చరిత్ర.

వాటిలో మాకు మిక్కిలి నచ్చినది బెల్ ప్రయోగశాలలవారి ఉపాయము. 1995లో వారు ఫెమ్టోసెకను స్పందములతో బహువర్ణ ప్రసారమును చేసి చూపిరి. దృశా తంతువులో వేర్వేరు వర్ణముల వేగములు వేర్వేరు. దీనిని విక్షేపణము అందురు. వార్తాప్రసార ఇంజనీర్లు దీనిని శత్రువుగా నెంచి, నివారించుటకు ఎన్నో పాట్లు పడుదురు. వీరు మాత్రము ఆ శత్రువునే సేవకునిగా చేసికొనిరి. 35 నానోమీటర్ల విస్తృతి గల స్పందమును 20 కిలోమీటర్ల సాధారణ తంతువులోనికి పంపినచో, లెక్క ప్రకారము, అది సుమారు 12 నానోసెకనులకు సాగిపోవును. అనగా లక్ష రెట్లకు పైగా! అట్లు సాగిన స్పందములో వర్ణములు ఊరేగింపులో మనుష్యుల వలె ఒకదాని వెనుక నొకటి నడచివచ్చును. దారిలో ఒకే ఒక వేగవంతమైన మాడ్యులేటరును, అనగా కాంతి తలుపును, నిలిపి, వచ్చిన వర్ణమునకు వచ్చినట్లు ఒక్కొక్క బిట్టును వ్రాసి పంపవచ్చును. ఒక లేసరు, ఒక తలుపు, వందలాది వరుసలు! 2000 సంవత్సరమున ఇదే బృందమువారు 1021 వరుసల వ్యవస్థను ప్రకటించిరి. వేయి అన్న సంఖ్యను చూచి మురిసిపోరాదు. ఈ పద్ధతిలో ప్రతి వర్ణమును స్పందమునకు ఒక్క బిట్టునే మోయగలదు గనుక ఒక్కొక్క వరుస వేగము కొన్ని పదుల మెగాబిట్లకు మించదు. సముద్రములు దాటు ప్రసారమునకు ఇది చాలదు; నగరములో ఇండ్లకు, కార్యాలయములకు వరుసలు పంచుటకు తగిన యోచన.

జపానులోని ఎన్.టి.టి. సంస్థవారు వేరొక త్రోవ త్రొక్కిరి. కొద్ది పికోసెకనుల స్పందమును ప్రత్యేక తంతువులోనికి అధిక శక్తితో పంపినచో, గాజు యొక్క వక్రీభవన గుణకము కాంతి తీవ్రతను బట్టి మారుట చేత, ఆ స్పందమున లేని క్రొత్త వర్ణములు పుట్టును. 1996లో మోరియోకా బృందము ఇట్టి ఒకే మూలము నుండి పది వర్ణములను వడగట్టి, ఒక్కొక్కదానిపై 100 గిగాబిట్ల చొప్పున, సెకనుకు ఒక టెరాబిట్టు సమాచారమును పంపినది. టెరాబిట్టు అనగా లక్ష కోట్ల బిట్లు.

లేసర్ల సంఖ్య తగ్గుటయే దీని లాభమని పత్రికలలో వ్రాయుచుందురు. మా దృష్టిలో అది చిన్న లాభము. పళ్ళ ఎడము చెక్కుచెదరకుండుటయే పెద్ద లాభము. ఉష్ణోగ్రత మారినపుడు దువ్వెన యంతయు కలిసి జరుగవచ్చును గాని, ఒక పన్ను పొరుగు పంటిపైకి ఒరగదు. పైన చెప్పిన పొలము గట్లు ఇక అనవసరము. 2011లో జర్మనీలోని కార్ల్స్‌రూయె సాంకేతిక సంస్థవారు దీనిని గొప్పగా నిరూపించిరి. ఒకే మోడ్ లాకింగ్ లేసరు నుండి 12.5 గిగాహెర్ట్జ్‌ల ఎడముతో మూడు వందలకు పైగా వర్ణములను తీసి, గట్లు లేకుండుటయే కాక వరుసలు ఒకదానిపై నొకటి పరచుకొనునంత దగ్గరగా పేర్చి, సెకనుకు 26 టెరాబిట్లను 50 కిలోమీటర్లు పంపిరి. ఒకదానిపై నొకటి పడిన వరుసలను మరల వేరుచేయుట ఎట్లు? పళ్ళ ఎడమును, బిట్లు మారు వేగమును ఖచ్చితముగా సమానము చేసినచో, గణితములోని ఫోరియర్ పరివర్తనము వాటిని విడదీయును. ఎడము కొంచెము తప్పినను ఆ లెక్క చెడును. వేర్వేరు లేసర్లతో అంతటి ఖచ్చితత్వము సామాన్యముగా దొరకదు.

2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖవారు మరొక ప్రయోజనమును చూపిరి. కాంతి శక్తిని పెంచినకొలది తంతువులో వర్ణములు ఒకదానినొకటి చెరచుకొనును. వర్ణములన్నియు ఒకే దువ్వెనకు చెందినవైనచో ఆ చెరుపును ముందుగానే లెక్కించి, దానికి విరుగుడును పంపునప్పుడే చేర్చవచ్చునని వారు ప్రయోగపూర్వకముగా నిరూపించిరి.

లేసరును కుదించు సమస్యకు ఇటీవలి సమాధానము చిప్పుపై చెక్కిన సూక్ష్మ వలయము. మిల్లీమీటరు ప్రమాణపు ఆ వలయములోనికి నిరంతరముగా వెలుగు ఒక లేసరు కాంతిని పంపినచో, తగిన పరిస్థితులలో, అందులో సాలిటాన్ అను స్థిరమైన స్పందము తిరుగుట కారంభించును. ఆకృతి చెడక పయనించుట దీని గుణము. వలయము చిన్నది గనుక పళ్ళ ఎడము సహజముగనే పదుల గిగాహెర్ట్జ్‌లకు వచ్చును. 2017లో కార్ల్స్‌రూయె, లోజాన్ సంస్థల శాస్త్రజ్ఞులు ఇట్టి రెండు దువ్వెనలను కలిపి 179 వర్ణములతో సెకనుకు 50 టెరాబిట్లకు మించిన సమాచారమును 75 కిలోమీటర్లు పంపిరి. 2022లో డెన్మార్క్, స్వీడన్ దేశముల శాస్త్రజ్ఞులు ఒక్క చిప్పు నుండి వచ్చిన 223 వర్ణములను, 37 గర్భములు గల తంతువులో పంచి, 7.9 కిలోమీటర్ల దూరము 1.84 పెటాబిట్ల వేగమును సాధించిరి. పెటాబిట్టు అనగా వేయి టెరాబిట్లు.

ఇట్టి అంకెలను చదువునపుడు విద్యార్థులు ఒక విషయము మరువరాదు. ప్రయోగశాలలో సామాన్యముగా కొద్ది మాడ్యులేటర్లతోనే సమాచారమును వ్రాసి, దానినే విభజించి, ఆలస్యపరచి, అన్ని వర్ణములపై పరతురు. ప్రతి వరుసకును వేర్వేరు సమాచారము పంపవలసినచో వరుసకొక మాడ్యులేటరు, వరుసకొక గ్రాహకము కావలసినదే. ఒక్క లేసరుతో పని జరిగినను మిగిలిన సామగ్రి ఏమాత్రము తగ్గదు. మొత్తము వ్యయములో లేసరుది ఒక భాగము మాత్రమే గనుక, దానిని పొదుపు చేసినంత మాత్రమున వ్యాపార సంస్థలు పాత పద్ధతిని విడుచుకొనవు.

అంతకంటె పెద్ద అడ్డంకి శక్తి. దువ్వెన యంతటిలో 100 మిల్లీవాట్లున్నవనుకొందము. నాలుగు వందల పళ్ళకు పంచినచో పంటికి పావు మిల్లీవాటు వచ్చును. అంచుల వద్ద అంతయు రాదు. ప్రత్యేక లేసరు ఒక్కొక్క వర్ణమునకు పదుల మిల్లీవాట్లు ఇయ్యగలదు. బలహీనమైన పంటిని వర్ధకముతో పెంచవచ్చును గాని వర్ధకము తన రొదను కూడ చేర్చును. ఒక్కొక్క మార్పులో నాలుగైదు బిట్లు నింపు నేటి ప్రసార పద్ధతులు ఆ రొదను సహింపవు. మరియు ఎనుబదిలో ఒక లేసరు చెడినచో ఒక వరుస ఆగును. ఉన్న ఒక్క లేసరే చెడినచో ఎనుబదియు ఆగును. సముద్రగర్భ తంతులను నడుపువారు ఈ ప్రమాదమును తేలికగా తీసికొనజాలరు. ఇందువలన, తొలి ప్రయోగమునకు ముప్పది యేండ్లు నిండినను, సుదూర ప్రసారమున ప్రత్యేక లేసర్లే రివాజుగా కొనసాగుచున్నవి.

దూరము తక్కువైన చోట లెక్క మారును. గణనయంత్రములు వేల సంఖ్యలో బారులు తీరిన సమాచార కేంద్రములలో ఒక చిప్పు నుండి పక్క చిప్పునకు కాంతి పోవలసిన దూరము కొన్ని మీటర్లే. అచ్చట కావలసినవి ఎనిమిదియో పదునారో వర్ణములు. పళ్ళు కొద్ది గనుక ఒక్కొక్క పంటికి చాలినంత శక్తి దక్కును. దారి పొట్టి గనుక వర్ధకముతోను, దాని రొదతోను పని లేదు. వేడెక్కిన చిప్పుల నడుమ పదునారు లేసర్లను ఒక్కొక్కటిగా చల్లబరచుచు కూర్చుండుటకంటె, క్వాంటమ్ బిందువులతో చేసిన మోడ్ లాకింగ్ లేసరు నొకదానిని దూరముగా నుంచి దువ్వెననంతటిని ఒకే తంతువు ద్వారా లోనికి తెచ్చుట నయమని పరిశోధకులు పలువురు భావించుచున్నారు. మహాసముద్రములు దాటుటకై పుట్టిన యోచన మొదట స్థిరపడు చోటు ఈ కొన్ని మీటర్ల దారియే కావచ్చును.